మిడ్‌సొమ్మర్ పండక్కి మా పేట సంఘం వాళ్లు రమ్మన్నారు: ఎలా వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

గోదారిగట్టు (స్టాక్‌హోమ్) | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేము స్టాక్‌హోమ్ శివారులో ఉంటున్నాం, వచ్చి మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లూ మిడ్‌సొమ్మర్, అంటే జూన్‌లో వచ్చే స్వీడన్ వాళ్ల నడివేసవి పండగ, మాకు షాపులు మూసేలోపు పాలు, పెరుగు కొనిపెట్టుకోవాలన్న టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు. ఆ శుక్రవారం మధ్యాహ్నానికల్లా మా వీధిలో ఒక్క కారు కనపడదు. అందరూ స్టూగాలకి, అంటే పల్లెల్లో ఉన్న చిన్న ఇళ్లకి వెళ్లిపోతారు. మేం కిటికీలోంచి ఖాళీ పార్కింగ్ చూస్తూ కూర్చునేవాళ్లం.

ఈసారి అలా గడపాలని లేదు. మా అమ్మాయికి ఏడేళ్లు. స్కూల్లో కప్ప డాన్స్ నేర్చుకుని వచ్చి రోజూ హాల్లో గెంతుతోంది. మొన్న లైబ్రరీ బోర్డు మీద మా పేట హెమ్‌బిగ్డ్స్‌ఫరేనింగ్ వాళ్ల కాగితం చూశాను. ఊళ్లోని పాత ఇళ్లనీ, ఆచారాల్నీ చూసుకునే స్థానికుల సంఘం అది. "స్తంభానికి ఆకులు, పూలు కట్టడానికి సాయం కావాలి, శుక్రవారం ఉదయం 9 గంటలకి రండి" అని రాశారు. నంబరుకి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన ఎత్తి, ఎంతమందైనా రండి అన్నారు.

పెట్టేశాక సందేహాలు మొదలయ్యాయి. 9కే వెళ్లాలా, లేక అందరూ వచ్చే 2 గంటలకి వెళ్తే బాగుంటుందా? మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ చేప ముట్టరు. అక్కడ తాగుడు ఎక్కువగా ఉంటుందని కొందరు భయపెట్టారు. వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చలిదేశం (స్టాక్‌హోమ్) | జూన్ 2, రాత్రి 11:15

గోదారిగట్టు గారూ, 9కే వెళ్లండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ఈ ఒక్క మాట మాత్రం వినండి.

నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు. మొదటి నాలుగేళ్లూ 2 గంటలకే వెళ్లాను. ఒక ఏడు స్కాన్సెన్‌కి కూడా వెళ్లాను. 1891లో మొదలైన ఆరుబయలు మ్యూజియం అది, జనం విపరీతంగా వస్తారు. ఎక్కడికి వెళ్లినా నేను చేసింది ఒకటే. అంచున నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుని, ఒక ఐస్‌క్రీమ్ తిని ఇంటికొచ్చేయడం. పెళ్లికి వెళ్లి భోజనాల వేళకి కూర్చుని లేచి వచ్చేసినట్టు ఉండేది.

ఐదో ఏడు మా పక్కింటావిడ నన్ను పొద్దున్నే లాక్కెళ్లింది. స్తంభం గడ్డి మీద పడుకోబెట్టి ఉంది. పక్కన బిర్చి కొమ్మల కుప్ప, రెండు బకెట్ల నీళ్లలో పూలు. చిన్న రెమ్మలు గుప్పెడు తీసుకుని, ఆకులన్నీ ఒకే వైపు వాలేట్టు స్తంభానికి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు తాడు చుట్టి బిగిస్తారు. తర్వాతి గుప్పెడు ముందుదాని కాడల్ని కప్పేట్టు పెట్టాలి. ఇంటికి తాటాకు కప్పినవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. గంటసేపు అలా మోకాళ్ల మీద కూర్చుని పక్కవాళ్లతో కలిసి కడితే పేర్లు తెలుస్తాయి, ఎవరి మనవడు ఎవరో తెలుస్తుంది. మధ్యాహ్నం అదే స్తంభం లేచి నిలబడుతుంటే అందులో మనం కట్టిన మూర ఏదో మన కంటికి తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి నేను ఫోన్ బయటికి తీయలేదు.

స్తంభాన్ని మిడ్‌సొమ్మర్‌స్టోంగ్ అంటారు, మాయ్‌స్టోంగ్ అని కూడా అంటారు. ఈ 'మాయ్' మే నెల కాదు, 'మాయా' అంటే పచ్చటి ఆకులతో అలంకరించడం అని పాత మాట. మధ్యయుగాల చివర్లో జర్మనీ వైపు నుంచి వచ్చిన ఆచారమని చెబుతారు. అక్కడ మే మొదట్లో చేస్తారు. ఇక్కడ మే మొదట్లో చెట్టుకి ఆకే సరిగ్గా రాదు కదా, అందుకని జూన్‌లో కుదిరింది.

తాగుడు సంగతి: పగలు మైదానంలో జరిగేది పిల్లల పండగ. స్నాప్స్ అనే ఘాటు మద్యం ఇళ్లలో భోజనం బల్ల దగ్గరి వ్యవహారం. మీరు టెన్షన్ పడకండి.

ఉప్పాడతీరం (యోతెబొరి) | జూన్ 3, ఉదయం 7:05

తిండి సంగతి నేను చెబుతాను. మాది చేపల ఊరు కాబట్టి ఇక్కడి సిల్ మీద నాకు ప్రేమ ఎక్కువ. సిల్ అంటే హెర్రింగ్ చేపని ఉప్పులో ఊరబెట్టి, ఆ తర్వాత వెనిగర్, చక్కెర, మసాలా నీళ్లలో నానబెట్టింది. ఆవ, ఉల్లి, సోయికూర, వెల్లుల్లి ఇలా రకరకాలు. అందులో మత్యెస్ అని ఒక రకం ఉంది. డబ్బా మీద పదార్థాలు చదివితే చందనపు చెక్క కనిపిస్తుంది. చేపలో చందనం ఏమిటని మా ఆవిడ డబ్బా పట్టుకుని చాలాసేపు చూసింది. తింటే ఆ తీపి, ఆ వాసన తెలుస్తాయి.

దాంతోపాటు కొత్త బంగాళాదుంపలు. తొక్క తీయరు, కడిగి ఉప్పు నీళ్లలో సోయికూర కాడలు వేసి ఉడికిస్తారు. పక్కన గ్రేడ్‌ఫీల్ అనే పుల్లటి క్రీమ్, తరిగిన ఉల్లికాడల్లాంటి గ్రేస్‌లోక్. చివర్లో స్ట్రాబెర్రీలు, క్రీమ్. పెద్దావిడకి దుంపలు, క్రీమ్, స్ట్రాబెర్రీలతోనే కడుపు నిండుతుంది.

కానీ అందరూ సిల్ తింటుంటే ఆవిడ ఒక్కరే ఊరికే కూర్చోకుండా వంకాయతో చేసిపెట్టండి. ఇక్కడి శాకాహారులు చేసుకునేదే, కొత్తేమీ కాదు. పాకం లెక్క 1-2-3 అని స్వీడిష్ ఇళ్లలో అందరికీ నోటికి వచ్చు. ఒక వంతు 12 శాతం ఎత్తికా, అంటే ఘాటు వెనిగర్, రెండు వంతులు చక్కెర, మూడు వంతులు నీళ్లు. 24 శాతం సీసా దొరికితే ముందు అంతే నీళ్లు కలిపి పలుచన చేసుకోండి, మర్చిపోతే గొంతు మండిపోతుంది. ఆల్‌స్పైస్ గింజలు, బిర్యానీ ఆకు వేసి మరిగించి పూర్తిగా చల్లార్చండి. వంకాయ తొక్క తీసి వేలంత ముక్కలు కోసి, ఉప్పు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వార్చి, మెల్లగా పిండి, ఎర్ర ఉల్లి, క్యారెట్ చక్రాలతో కలిపి సీసాలో పొరలుగా పెట్టి పాకం పొయ్యండి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే చాలు.

పాలమూరుపిల్ల (ఉప్ప్సాలా) | జూన్ 4, సాయంత్రం 6:30

పూల గురించి రెండు మాటలు, ఎందుకంటే మొదటి ఏడు నాకు ఎవరూ చెప్పలేదు.

అలెమన్స్‌రెట్టెన్ అనే హక్కు వల్ల పొలాల గట్ల మీద, అడవిలో పూసిన మామూలు పూలు ఎవరైనా కోసుకోవచ్చు. కానీ రక్షిత పూలు ముట్టుకోకూడదు. అడవి ఆర్కిడ్లు స్వీడన్ మొత్తంలో ఏ ఒక్కటీ కోయకూడదు. పచ్చి చెట్టు కొమ్మ విరవడం కూడా ఈ హక్కులోకి రాదు, ఆ నేల యజమాని ఒప్పుకోవాలి. స్తంభానికి బిర్చి కొమ్మలు సంఘం వాళ్లే అడిగి తెప్పిస్తారు, మీరు దారిలో విరిచి తీసుకెళ్లకండి. లిల్యెకొన్‌వల్య్ అని తెల్లటి చిన్న గంటల్లాంటి పూలుంటాయి, మంచి వాసన. అవి విషం. పిల్ల నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

కిరీటానికి మంచివి: తెల్ల రేకుల ప్రెస్ట్‌క్రాగే, ఎర్ర క్లోవర్, నీలం బ్లోక్లింట్, ఊదా రంగు మిడ్‌సొమ్మర్‌బ్లొమ్‌స్టర్. రోడ్ల పక్కన తెల్లగా నురగలా విరగబూసే హుంద్‌షెక్స్ నింపడానికి పనికొస్తుంది, కానీ తొందరగా వాడిపోతుంది. ముందు రోజు సాయంత్రం కోసి నీళ్లలో పెట్టండి.

ఇక పిడుదులు. నవ్వులాట విషయం కాదు. స్టాక్‌హోమ్ చుట్టుపక్కల గడ్డిలో అవి మెదడు వాపు తెచ్చే టీబీఈ వైరస్‌ని మోస్తాయి. టీకా ఉంది, కానీ ఒక్క డోసుతో సరిపోదు. ఇప్పుడు మొదలుపెట్టినా పండక్కి పూర్తి రక్షణ రాదు, అయినా మొదలుపెట్టండి. పిడుదులే తెచ్చే ఇంకో జబ్బు బొరేలియాకి ఆ టీకా పనిచెయ్యదు. ఇంటికి రాగానే పిల్లకి చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, మోకాళ్ల మడతల్లో చూడండి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తీసేయండి. తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ గుండ్రంగా పెద్దదవుతూ ఉంటే ఆరోగ్య సలహా నంబరు 1177కి ఫోన్ చేయండి.

శేషాచలం (కోపెన్‌హాగెన్) | జూన్ 5, రాత్రి 10:20

స్వీడన్ వాళ్లు మంట వేయరా? మాకు ఇక్కడ జూన్ 23 రాత్రి సాంక్ట్ హాన్స్. సముద్రం ఒడ్డున పెద్ద మంట, ఎవరో ఒకరు ఉపన్యాసం ఇస్తారు, అందరూ కలిసి పాడతారు. మా ఇంట్లో చిక్కు ఏమిటంటే, ఆ మంట మీద పాత గుడ్డలు కట్టిన మంత్రగత్తె బొమ్మ పెడతారు. పోయిన ఏడు మా అబ్బాయి "ఆ అమ్మని ఎందుకు కాలుస్తున్నారు నాన్నా?" అని ఏడ్చాడు. నాకేం చెప్పాలో తోచలేదు. ఒకప్పుడు ఇదే దేశంలో నిజంగా ఆడవాళ్లని ఆ పేరుతో కాల్చారు కదా.

చలిదేశం | జూన్ 5, రాత్రి 11:02

శేషాచలం గారూ, స్వీడన్‌లో పెద్ద మంటలు ఏప్రిల్ 30న, వాల్‌బొరి రోజు వేస్తారు. మిడ్‌సొమ్మర్‌కి స్తంభమే. డెన్మార్క్, నార్వేల్లో బాప్తిస్మమిచ్చే యోహాను పేరిట వచ్చే జూన్ 23ని వదల్లేదు. స్వీడన్ మాత్రం 1953 నుంచి తేదీ మార్చి, పండగ ముందురోజు ఎప్పుడూ జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం అని పెట్టుకుంది. ఈసారి 20.

బొమ్మ సంగతి: మంట చాలా పాతది, బొమ్మ పాతది కాదు. మంట మీద బొమ్మ పెట్టడం సుమారు 1900 ప్రాంతంలో అలవాటైంది. బొమ్మ లేకుండా మంట వేసే చోట్లు కూడా ఉన్నాయి, డేన్లలోనే దీని మీద వాదన ఉంది. అలాంటి చోటు చూసుకుని బాబుని తీసుకెళ్లండి. బయల్దేరేముందు మీ మునిసిపాలిటీ సైట్ చూడండి, ఎండలు ముదిరిన 2018లోనూ 2023లోనూ చాలా చోట్ల మంటలే నిషేధించారు.

కొల్లేటికొంగ (ఎస్పో, ఫిన్లాండ్) | జూన్ 6, మధ్యాహ్నం 1:10

మాది స్కాండినేవియా కాదని ఎవరైనా అంటారేమో గానీ యుహన్నుస్, అంటే ఇక్కడి మిడ్‌సొమ్మర్, లేకుండా ఈ చర్చ పూర్తికాదు. ఇక్కడ గుమ్మానికి రెండు పక్కలా చిన్న బిర్చి చెట్లు నిలబెడతారు, మన పెళ్లిళ్లలో అరటి చెట్లు కట్టినట్టే. చెరువు ఒడ్డున కొక్కొ అనే మంట. సౌనాలో లేత బిర్చి రెమ్మల కట్టతో ఒళ్లంతా తట్టుకుంటారు, ఆ పచ్చి ఆకు వాసన మర్నాటిదాకా చేతుల్లో ఉంటుంది. స్తంభం మాత్రం స్వీడిష్ మాట్లాడే ప్రాంతాల్లో, ముఖ్యంగా ఓలాండ్ దీవుల్లో చూడాలి.

ఒక్క విన్నపం. ఆ వారాంతంలో ఎవరో ఒకరు నీళ్లలో మునిగిపోయారని ప్రతి ఏడూ వార్త వస్తుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. తాగి నీళ్లలోకి దిగకండి.

ఓరుగల్లు (మాల్మో) | జూన్ 7, సాయంత్రం 5:45

నాకొక ఆలోచన. గోదారిగట్టు గారి పేటలో మనవాళ్లు ఓ పది కుటుంబాలైనా ఉంటారు. ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని, స్పీకర్ తీసుకెళ్లి, ఆ స్తంభం చుట్టూ ఒక బతుకమ్మ పాట వేస్తే? అదీ పూల పండగే, ఇదీ పూల పండగే. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగడం మనకి పుట్టుకతో వచ్చు. వాళ్లూ సంతోషిస్తారు.

పాలమూరుపిల్ల | జూన్ 7, సాయంత్రం 6:20

అన్నా, నేనూ బతుకమ్మ ఆడి పెరిగినదాన్నే, తంగేడు, గునుగు కోసం గట్లన్నీ తిరిగినదాన్ని. అయినా దీనికి నేను ఒప్పుకోను. సద్దుల బతుకమ్మ నాడు మన చెరువుకట్ట మీదికి ఎవరో వచ్చి, వాళ్ల స్పీకర్ పెట్టి, మన బతుకమ్మల చుట్టూ వాళ్ల పాటకి ఆడితే మన అమ్మమ్మలకి ఎట్లుంటది? పైకి నవ్వుతారు గానీ మనసులో కలుక్కుమంటుంది. ఆ రోజు వాళ్ల పాట, వాళ్ల వాయిద్యం. మనం వెళ్లి ఆ వలయంలో చెయ్యి పట్టుకుంటే చాలు. బతుకమ్మకి మనం పిలుద్దాం, అప్పుడు వాళ్లు వచ్చి మన పాటకి ఆడతారు.

ఓరుగల్లు | జూన్ 7, రాత్రి 8:00

అలా ఆలోచించలేదు చెల్లెమ్మా. చెరువుకట్ట మాట అన్నాక అర్థమైంది. స్పీకర్ వద్దు. చీరలకి అభ్యంతరం లేదు కదా?

పాలమూరుపిల్ల | జూన్ 7, రాత్రి 8:12

చీరలకి ఏ అభ్యంతరం ఉంటుంది! కాకపోతే గడ్డి తడిగా ఉంటుంది, కప్ప డాన్స్‌లో గెంతాలి. కాటన్ చీర, కింద బూట్లు.

కాన్సాస్‌గాలి (మినియాపొలిస్) | జూన్ 8, ఉదయం 4:30

అమెరికా నుంచి. నేను కాన్సాస్‌లోని విచిటాలో ఎమ్మెస్ చేసేటప్పుడు లిండ్స్‌బోర్గ్ అనే చిన్న ఊరికి వెళ్లాం. 1869లో స్వీడన్‌లోని వెర్మ్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు స్థిరపడిన ఊరు. జూన్‌లో అక్కడా స్తంభం ఎత్తుతారు. చుట్టూ గోధుమ పొలాలు, మండే ఎండ, మధ్యలో పూల కిరీటాలు పెట్టుకున్న పిల్లలు. తాతల తాతలు వదిలొచ్చిన దేశపు పండగని ఇన్ని తరాలు పట్టుకున్నారంటే నాకు గుండె నిండిపోయింది. మా పాపకి తెలుగు అక్షరాలు నేర్పాలని గట్టిగా అనుకున్నది ఆ రోజే. ఇప్పుడు ఇక్కడి అమెరికన్ స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగేదానికి వెళ్తుంటాం.

గోదారిగట్టు | జూన్ 22, రాత్రి 10:50

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. ఇంకా బయట వెలుతురుగానే ఉంది.

9కి పది నిమిషాల ముందే వెళ్లాం. మబ్బుగా ఉంది, గడ్డి తడిసి ఉంది. పన్నెండు మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. ఫోన్‌లో మాట్లాడిన పెద్దాయన మావారి చేతికి తాడు ఉండ ఇచ్చి స్తంభం మొదటికి పంపారు. నేను, అమ్మాయి రెమ్మలు గుప్పెళ్లు చేసి అందించాం. చలిదేశం గారు చెప్పిన తాటాకు లెక్క మావారికి వెంటనే పట్టుబడింది, వాళ్లది కోనసీమ.

అత్తగారి సంగతి చెప్పాలి. స్తంభానికి అడ్డకర్ర, దాని రెండు చివర్లా వేలాడే రెండు పెద్ద వలయాలు ఉంటాయి. వాటికి పూలు కట్టే పని ముగ్గురు ఆడవాళ్లది, సన్న తీగతో ఒక్కో గుత్తీ చుడుతున్నారు. అత్తగారు కాసేపు చూసి, నా దగ్గర దారం అడిగి, కింద గోనె పరుచుకుని కూర్చున్నారు. ప్రెస్ట్‌క్రాగే పూలు రెండు ఇటు, రెండు అటు, మధ్యలో దారం ముడి. ఇంట్లో మల్లెపూలు కట్టినట్టే. కాడ పొడుగు కాబట్టి మొదట జారింది. కాడలు వేలెడంత ఉంచి తుంచేసి మళ్లీ మొదలుపెట్టారు. ఇరవై నిమిషాల్లో బారెడు మాల తయారైంది. తీగ చుడుతున్న ఆవిడ పని ఆపి పక్కన కూర్చుని, తన చేతికి దారం తీసుకుని నేర్పమని సైగ చేసింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అత్తగారు ఆవిడ వేళ్లు పట్టుకుని ముడి వేయించారు. ఎడమ వైపు వలయం మొత్తం ఆ మాలే చుట్టారు.

2 గంటలకి వచ్చేసరికి మైదానం నిండిపోయింది. స్తంభం ఎత్తడం నేను అనుకున్నంత సులువు కాదు. జత కర్రలు ఉంటాయి, పై కొసల దగ్గర తాడుతో కలిపినవి, తెరిస్తే కత్తెరలా ఉంటాయి. వాటి మధ్య స్తంభాన్ని ఆనించి, ముందు పొట్టి జతతో, తర్వాత పొడుగు జతతో కొంచెం కొంచెంగా నెడతారు. ప్రతి నెట్టుకీ జనం ఒక్కసారి గట్టిగా అరుస్తారు. మావారు ఒక కర్ర పట్టుకున్నారు. నిలబడ్డాక ఫిడేలు, అకార్డియన్ అందుకున్నాయి. కప్ప డాన్స్ మూడుసార్లు చేశారు. చెవుల దగ్గర చేతులు ఆడిస్తూ, ఆ తర్వాత వెనక తోక ఆడిస్తూ తాతలు, మనవలు ఒకే వలయంలో గెంతారు. బట్టలు ఉతికినట్టు చేసే డాన్స్ కూడా ఒకటి ఉంది, అది అత్తగారికి బాగా నచ్చింది.

ఒక పొరపాటు కూడా జరిగింది. మధ్యలో వాన పడితే అమ్మాయి కిరీటం అట్టపెట్టె మీద పెట్టి వదిలేశాం, ఎవరో తొక్కేశారు. చాలాసేపు ఏడ్చింది. షొక్లాద్‌యూల్ దగ్గర, అంటే చక్రం తిప్పి చాక్లెట్లు గెలుచుకునే అంగడిలో కూర్చున్న అబ్బాయి తన కిరీటం తీసి దాని తల మీద పెట్టాడు. పెద్దదైపోయి మెడలోకి జారింది, దండలా వేసుకుని తిరిగింది.

వంకాయ సిల్ సీసా ఖాళీ. పెద్దాయన రెండుసార్లు వడ్డించుకున్నారు.

రాత్రి ఇంటికి నడుస్తూ ఏడు రకాల పూలు కోశాం. మాట్లాడకుండా కోయాలట, దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కలలోకి వస్తాడట. అమ్మాయి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ కోసింది. పొద్దున లేవగానే "కలలో కుక్కపిల్ల వచ్చింది" అంది. మామగారు పోయి ఐదేళ్లయింది. అత్తగారు కూడా ఏడు పూలు కోసుకున్నారని దుప్పట్లు మారుస్తుంటే చూశాను. దిండు కిందే ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు, పూలు తీయకుండా దిండు మళ్లీ అలాగే పెట్టేశాను.

చలిదేశం | జూన్ 22, రాత్రి 11:20

చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. పెద్దావిడకి నా నమస్కారాలు చెప్పండి.

శేషాచలం | జూన్ 24, ఉదయం 8:15

నిన్న బొమ్మ లేని మంటకి వెళ్లాం, కాస్త దూరమే. చీకటి సరిగ్గా పడదు కదా, నీలం ఆకాశం కింద మంట. బాబు నా భుజాల మీద కూర్చుని చివరిదాకా చూశాడు. మా అనంతపురంలో భోగి మంట చూపిస్తానని మాటిచ్చాను.

ఓరుగల్లు | జూన్ 24, సాయంత్రం 7:30

గోదారిగట్టు గారూ, ఆ స్తంభాన్ని మళ్లీ ఎప్పుడు దించుతారు? ఆ పూలేం చేస్తారు, నీళ్లలో వదులుతారా?

గోదారిగట్టు | జూన్ 24, రాత్రి 9:05

దించరట. ఆకులు ఎండిపోయినా అలాగే ఉంచుతారట, వచ్చే జూన్‌లో దించి పాత ఆకులు ఒలిచేసి కొత్తవి కడతారు. నిన్న బస్సులోంచి చూశాను, ఆకులు అప్పుడే గోధుమరంగుకి తిరుగుతున్నాయి. ఎడమ వలయంలో మాల ఇంకా జారలేదు.

ఉప్పాడతీరం | జూన్ 24, రాత్రి 9:40

వంకాయలు ఎన్ని కిలోలు వేశారు? మా ఆఫీసులో ఆగస్టులో విందు ఉంది, ముప్ఫై మందికి లెక్క కావాలి.

గోదారిగట్టు | జూన్ 24, రాత్రి 9:52

రెండు కిలోలు, ఇరవై మందికి వచ్చింది. మీరు మూడున్నర వేయండి, ఉడికాక బాగా తగ్గిపోతాయి.